ఎడమ కాలు ఈడ్చే బొమ్మ

బొమ్మ ఎత్తు తొమ్మిది అంగుళాలు. లోపల తీగతో చేసిన ఎముకల గూడు, దాని మీద దూది, పైన పాత ధోవతి ముక్క. చేతులు ఆరని మైనపు మట్టితో చేసినవి. తల మాత్రం కాల్చిన మట్టి, కంటి రెప్పలు మళ్ళీ మైనపు మట్టి. ఆ ముఖం నితాయ్ పాల్ వాళ్ళ నాన్నది.

నాన్న ముఖం చెయ్యమని అతన్ని ఎవరూ అడగలేదు. కథలో ఒక ముసలి బొమ్మలమ్మేవాడు ఉన్నాడు. తిరునాళ్ళలో అమ్ముడుపోని బొమ్మల బుట్ట భుజానికెత్తుకుని ఇసుకలో నడుచుకుంటూ రేవుకొచ్చి, ఆఖరి పడవ ఎక్కుతాడు. ఆరు నిమిషాల సినిమా. ముసలాడికి ఒక ముఖం కావాలన్నారు, నితాయ్ మట్టి ముద్ద చేతిలోకి తీసుకున్నాడు, రెండు గంటల తర్వాత చూసుకుంటే నాన్న. పోయి ఆరేళ్ళయిన మనిషి, అదే వంకర ముక్కు, అదే ఎవరో బాకీ ఎగ్గొట్టినట్టుండే కింది పెదవి.

కలకత్తా ఆర్టు కాలేజీలో ఆఖరి సంవత్సరం. జట్టులో ముగ్గురు. బొమ్మలకీ ఇసుక రేవుకీ నితాయ్. కెమెరాకీ దీపాలకీ సుతీర్థ. బొమ్మని కదిలించడానికి అహనా లాహిడి.

ఆ మూడో పని దగ్గరే వచ్చింది పేచీ.

మొదట్లో అది నితాయ్ పనే అనుకున్నారు అందరూ. అందరికన్నా ముందు నితాయ్ అనుకున్నాడు. కృష్ణనగర్ దగ్గర ఘూర్ణిలో పుట్టినవాడు, నాలుగు తరాలుగా మట్టి పిసికి తిన్న ఇల్లు. నాన్న పోయాక రెండేళ్ళు చదువు మానేసి బొమ్మలమ్మి, మళ్ళీ వచ్చి చేరాడు, అందుకే మిగతా ఇద్దరికీ అన్న, ‘నితాయ్‌దా’ అయ్యాడు. అహనా సాల్ట్ లేక్‌లో మూడంతస్తుల ఇంట్లోంచి వచ్చే పిల్ల. వేళ్ళు చూస్తే చాలు, జన్మలో మట్టి తొక్కిన ఇంటిది కాదని తెలుస్తుంది.

సినిమా పాఠాలు చెప్పే మానబ్ సార్ పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరూ బొమ్మని పది సెకన్లు నడిపించాలి. సెకనుకి పన్నెండు ఫ్రేములు. రవ్వంత కదపాలి, ఫోటో తియ్యాలి, మళ్ళీ రవ్వంత కదపాలి. నితాయ్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెమటలు కక్కుతూ తీశాడు. తెర మీద వేసి చూస్తే ముసలాడు పళ్ళెంలో పెట్టి తోసినట్టు జారిపోయాడు.

“నితాయ్‌దా, మీ ముసలాయన డార్జిలింగులో మంచు మీద పోతున్నాడేమిటి?” అన్నాడు సుతీర్థ, పడీ పడీ నవ్వుతూ.

సార్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. “నీ బొమ్మ ఊరికే నిలబడితే బతికున్నట్టుంది నితాయ్. కదిలితే చచ్చిపోతోంది” అన్నారు.

మర్నాడు అహనా తీసింది. ముసలాడు నడిచాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, కుడి భుజం కొంచెం కిందికి వాల్చి, తొందరేం లేనట్టు, అలాగని ఆగే ఉద్దేశమూ లేనట్టు నడిచాడు. “మళ్ళీ వెయ్యి” అన్నారు సార్. మళ్ళీ వేశారు. నితాయ్ తెరకి దగ్గరగా జరిగాడు. తన నాన్న. తన చేతుల్లోంచి వచ్చిన ముఖం. ఆయన్ని కళ్ళతో చూడని పిల్ల చెప్పినట్టు విని, ఆమె వేళ్ళ కింద పెంపుడు పిల్లిలా నడుస్తున్నాడు ముసలాడు. కన్నకొడుకు నడిపిస్తే మాత్రం కొయ్యముక్క.

సార్ తేల్చి చెప్పేశారు. సినిమా చివర ‘బొమ్మని నడిపినవారు’ అని ఒక వరస ఉంటుంది. అందులో ఒక్క పేరే ఉండాలి. ముంబయిలో బొమ్మల సినిమాలు తీసే స్టూడియో ఏటా ఈ కాలేజీ నుంచి ఒక్కరిని పనిలోకి తీసుకుంటుంది, వాళ్ళు చూసేది ఆ ఒక్క వరసే. ఆఖరి షాటు, ముసలాడు ఇసుకలో ఇరవై సెకన్లు నడిచి పడవెక్కేది, అహనా తీస్తుంది. సినిమాలో అసలు నడక అదొక్కటే, అది కుదిరితే పేరు అహనాది. ఒకవేళ కుదరకపోతే ఉంటుందని నితాయ్ చేత ఇంకో ముగింపు తీయించి పెట్టారు. అందులో ముసలాడు రేవు మెట్టు మీద కూర్చుని మెల్లగా కళ్ళు మూసుకుంటాడు. నడక లేదు. బాగానే వచ్చింది. అది వాడితే పేరు నితాయ్‌ది.

ఒకవేళ. ఆ ఒక్క మాటని నితాయ్ నెలరోజులు బుగ్గన పెట్టుకుని చప్పరించాడు.

ఆ నెలరోజుల్లో ఆమె మీద మంట మరీ పెరగడానికి ఇంకో కారణం ఉంది. అహనా అతనికి పనులు చెప్పేది.

“నితాయ్‌దా, ఆ కిటికీ కాస్త వేసి రావూ?”

“నితాయ్‌దా, కుండలోంచి గ్లాసు నీళ్ళు.”

“నితాయ్‌దా, ఆ ఇసుక బస్తా ఇటు తెచ్చి పెట్టవా? నాకు లేవదు.”

కిటికీ ఆమె కుర్చీకి రెండడుగుల్లో ఉండేది. సుతీర్థ పక్కనే ఖాళీగా కూర్చుని కాళ్ళు ఊపుతుండేవాడు. అయినా చెప్పేది నితాయ్‌కే. మట్టి బొమ్మలు చేసే పాల్ కులం కదా, బ్రాహ్మలైన లాహిడీల ఇంట్లో పండక్కి విగ్రహం తెచ్చిచ్చి గుమ్మం బయట నిలబడే జాతి, నీళ్ళు తెమ్మంటే తేవాలి కాబోలు అనుకునేవాడు. తెచ్చేవాడు. తెచ్చి, గ్లాసు టక్కున పెట్టేవాడు. ఆమె ఆ చప్పుడు పట్టించుకునేది కాదు. నోట్‌బుక్కులో ఏదో గీసుకుంటూ ఉండేది.

ఆదివారాలు లోకల్ రైలెక్కి ఇంటికి వెళితే అక్కడ అమ్మ. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడగానే మొదలుపెట్టేది. “కాలు ఎత్తి వెయ్యరా! చెప్పులు కొన్న నెలకే అరగదీస్తావు. మీ నాన్న ఈడ్చీ ఈడ్చీ పోయాడు, ఇప్పుడు నువ్వు తయారయ్యావు.”

“సినిమాలో నాన్న బొమ్మ చేశానమ్మా.”

“బొమ్మకేం, కూడు పెట్టక్కర్లేదు” అనేది అమ్మ. కానీ ఎప్పుడు చూపిస్తావని రెండుసార్లు అడిగింది.

*

సినిమా సోమవారం అప్పగించాలి. సరస్వతీ పూజ శుక్రవారం వచ్చింది. ఆఖరి షాటు ఇంకా తియ్యలేదు.

పూజ రోజున బెంగాల్లో విద్యార్థి అన్నవాడు పుస్తకం ముట్టుకోడు. పుస్తకాలు, కలాలు, కుంచెలు అన్నీ దేవి పాదాల దగ్గర పెట్టేస్తారు. ఆ రోజు దాకా రేగుపండు నోట్లో పెట్టుకోరు. ఆడపిల్లలు వాసంతి రంగు చీరలు, మగపిల్లలు పసుపు లాల్చీలు, కాలేజీ అంతా ఆవచేను పూసినట్టుంటుంది. ఆ ఏడు కాలేజీ దేవి విగ్రహం చేసింది నితాయే. తన వెదురు పనిముట్లు కూడా దేవి పాదాల దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు.

అహనా పూలు చల్లి దణ్ణం పెట్టుకుని, నేరుగా షూటింగు గదిలోకి పోయింది.

“ఇవాళ కూడానా? అమ్మవారు ఫెయిలు చేస్తుంది చూసుకో” అన్నాడు సుతీర్థ.

“అమ్మవారికి సోమవారం గడువు లేదుగా. నాకుంది” అంది ఆమె. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మీద నల్ల బనీను తొడుక్కుంది, నడుము కిందిది ఎలాగూ బల్ల చాటే.

ఆ గదిలో అందరిదీ నల్ల బనీనే. పాతది, మట్టి మరకలది, తలుపు వెనక మేకుకి మూడు వేలాడుతుండేవి. లేత రంగు బట్ట వేసుకుని దీపాల దగ్గర నిలబడితే ఆ రంగు తిరిగి ఇసుక మీద పడుతుంది. కంటికి తెలియదు. మనిషి ఒక ఫ్రేముకి దగ్గరగా, ఒక ఫ్రేముకి దూరంగా ఉంటే, అన్నీ కలిపి వేసినప్పుడు తెర మీద వెలుతురు కొట్టుకుంటుంది, ప్రాణం పోయే బల్బులాగ. మొదటి వారంలోనే సుతీర్థ తెల్ల చొక్కా వల్ల ఒక రోజు పనంతా పోయింది. అప్పట్నుంచే ఈ నియమం.

మధ్యాహ్నం పన్నెండింటికి నితాయ్ విస్తరాకులో కిచిడీ, వంకాయ వేపుడు, రేగుపళ్ళ పచ్చడి పెట్టుకుని గది తలుపు తోశాడు. ఒంటి మీద అమ్మ పంపిన కొత్త పసుపు లాల్చీ.

అహనా తలెత్తలేదు. రెండు చేతులూ బొమ్మ మడమ దగ్గర ఉన్నాయి. “ఎవరూ? నితాయ్‌దానా? అక్కడ పెట్టు. లాల్చీ!”

“తెలుసు. తలుపు దగ్గరే ఉన్నా.”

“దేవుడివి” అంది. “చచ్చేంత ఆకలిగా ఉంది. నలభై అయ్యాయి. ఇంకా రెండొందలు.”

తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆమె ముసలాడి ఎడమ పాదాన్ని నూలుపోగంత ముందుకి జరిపింది. మీట నొక్కింది. మళ్ళీ జరిపింది. ముసలాడు ఆ పిల్ల మొహంలోకి చూస్తున్నట్టే ఉన్నాడు. కొడుకు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, వాడి వైపు వీపు.

నితాయ్ నాలుగడుగులు ముందుకి వేశాడు. దీపం పక్కన ఆగాడు. క్లిక్. వెనక్కి ఒకడుగు. క్లిక్. మళ్ళీ ముందుకి.

అనుకోకుండా జరిగిందని తర్వాత తనకి తాను చెప్పుకోడానికి కూడా వీల్లేదు. లెక్కపెట్టి మరీ కదిలాడు. రెండు ఫ్రేములు దగ్గర, ఒకటి దూరం, మూడు దగ్గర. నెలరోజులు బొమ్మని కదిలించడం చేతకానివాడు ఆ పూట తనని తాను ఎంత చక్కగా కదిలించుకున్నాడో. ఆమె ఒక్కసారీ చూడలేదు. పని చేసేటప్పుడు బొమ్మ పాదాలు తప్ప ఆ పిల్లకి లోకం ఉండదు. దానికీ కుళ్ళుకున్నాడు, ఆ నిమిషంలో కూడా.

నాలుగింటికి అయిపోయింది. చల్లారిన కిచిడీని చేత్తో గబగబా తింటూ, “చూడు, చూడు, ఎలా ఎక్కాడో పడవ!” అంది. సుతీర్థని పిలిచి తెర మీద వేయించింది.

ముసలాడు నడిచాడు. కానీ నాలుగో సెకను నుంచి ఇసుక పసుపుగా, తెల్లగా, పసుపుగా కొట్టుకుంది. ముసలాడికి పచ్చకామెర్లు వచ్చి తగ్గుతున్నట్టు.

“ఓల్టేజీ” అన్నాడు సుతీర్థ, నెత్తిన చేతులు పెట్టుకుని. “పందిట్లో ఆ దిక్కుమాలిన మైకులు, సీరియల్ బల్బులు! కరెంటంతా అవే మింగేశాయి. చెప్పానా, పూజ రోజు వద్దని!”

అహనా తినడం ఆపేసింది. మానబ్ సార్ వచ్చి చూసి, నిట్టూర్చి, “మూడు రోజుల్లో మళ్ళీ తీసి, కూర్చి, సౌండు కలిపి… కష్టం. నితాయ్ తీసిన ముగింపు పెట్టండి. పేరు కూడా నితాయ్‌దే వెయ్యండి” అన్నారు. నితాయ్ భుజం తట్టి వెళ్ళిపోయారు.

భుజం తట్టిన చోట ఏమీ అనిపించలేదు. పండగ చేసుకోవలసినంత పని జరిగితే ఏమీ అనిపించకపోవడం ఏమిటో అతనికి అర్థం కాలేదు.

సుతీర్థ ఆమెని టీకి లాక్కుపోయాడు. గదిలో నితాయ్ ఒక్కడే మిగిలాడు. ఆమె కుర్చీలో నోట్‌బుక్కు ఉంది. తన గురించి ఏదైనా చెడ్డగా రాసి ఉంటే బాగుండును, అప్పుడు చేసింది న్యాయమైపోతుంది అనుకుంటూ తెరిచాడు.

తన గురించే ఉంది.

పేజీల నిండా పాదాలు. రబ్బరు చెప్పులు వేసుకున్న పాదాలు. పక్కన చిన్న అక్షరాలు.

‘నితాయ్‌దా. పరీక్షకి ఈ నడకే గుర్తున్నంత వరకు తీశాను, చాలదు. కిటికీ దాకా పదకొండు అడుగులు. ఎడమ పాదం నేలని ఒరుసుకుంటూ రెండు ఫ్రేములు ఆలస్యంగా వస్తుంది.’

‘నీళ్ళు తెమ్మన్నాను. గ్లాసు నిండుగా ఉంటే కాలు ఈడవడు. బరువు భుజం మీద ఉంటే ఇంకా ఈడుస్తాడు.’

‘ఇసుక బస్తా. ఇదే! ఇదే నడక. ముఖం ఆయన చేశాడు, నడక కూడా ఆయన దగ్గరే ఉంది, ఆయనకి తెలీదు. చెప్పకూడదు. చెబితే మామూలుగా నడవడు.’

కింద ఇంకో వరస. ‘బస్తా దించాక కూడా కుడి భుజం వాలే ఉంది. ఎవరిని మోస్తున్నాడో?’

నితాయ్ కుర్చీలో కూలబడ్డాడు. కిటికీ, నీళ్ళు, బస్తా, అన్నీ వరసగా కళ్ళ ముందు నడిచాయి. తన ఒంట్లో ఇరవై మూడేళ్ళుగా నాన్న నడుస్తుంటే తనకి కనపడలేదు. ఆ సాల్ట్ లేక్ పిల్లకి నెలలో కనపడింది. దొంగలా వెనక కూర్చుని అడుగడుగూ రాసుకుంది. తెలివైన దొంగ. దోచుకున్న సొత్తు తీసుకెళ్ళి ముసలాడి కాళ్ళకి తొడిగింది. ఆ కాళ్ళనే తను పసుపు లాల్చీ వేసుకుని విరగ్గొట్టాడు.

మంచితనం పుట్టుకొచ్చి లేచాడని ఎవరూ అనుకోనక్కర్లేదు. తన సొత్తు తనే తగలబెట్టుకున్న మంట, అంతే.

గేటు బయట టీ కొట్టు దగ్గర ఇద్దరూ మట్టి ముంతలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఓల్టేజీ కాదు” అన్నాడు నితాయ్. “నా లాల్చీ.”

సుతీర్థ నవ్వాడు. “పోనీలే నితాయ్‌దా, నువ్వు తలుపు దగ్గరేగా…”

“కాదు. దీపం పక్కన. తెలిసే నిలబడ్డా.”

సుతీర్థ చేతిలోని ముంత కాలవలో విసిరికొట్టాడు. బెంగాలీలో మంచి బూతులన్నీ వరసగా వచ్చాయి. అహనా మాత్రం అతని లాల్చీ వైపు చూసింది.

“ఎన్నో ఫ్రేము నుంచి?” అంది.

“నలభై తర్వాత. మొదటి నలభై బాగానే ఉన్నాయి.”

“అవి కూడా నాకొద్దు. నువ్వు గదిలోకి రాకముందువే అయినా సరే, నాకొద్దు. మొదటి నుంచి తీస్తా.” ముంత కొట్టు అరుగు మీద పెట్టేసింది. “నా పుస్తకం చదివావు కదూ?”

తలూపాడు.

“ఛీ” అంది. సుతీర్థ తిట్లన్నిటికన్నా ఆ ఒక్కటే గట్టిగా తగిలింది. “సరే. రేపు పొద్దున ఏడింటికి రా. నల్ల బనీను వేసుకుని రా. నా ఎదురుగా నడు. నీతో మాట్లాడతానో లేదో తర్వాత సంగతి.”

*

శనివారం పొద్దున వరండాలో నడిచాడు. కుదరలేదు. తెలిసిపోయాక కాళ్ళు తనవి కాకుండా పోయాయి. ఎడమ కాలు ఈడుద్దామంటే కుంటివాడిలా ఈడుస్తున్నాడు. భుజం వాలుద్దామంటే నాటకంలో ముసలి వేషం వేసినవాడిలా వాలుతోంది.

“ఏమైంది కాలికి? ముల్లు గుచ్చుకుందా?” అన్నాడు సుతీర్థ. నిన్నటి కోపం ఇంకా అలాగే ఉంది.

“నా ఖర్మ” అంది అహనా, పెన్సిలు పుస్తకంలో పడేసి. “అందుకే చెప్పలేదు.”

నితాయ్ శిల్పాల షెడ్డులోకి పోయాడు. తడి మట్టి బస్తా, నలభై కిలోలది, భుజానికెత్తుకున్నాడు. చెప్పులు విడిచేశాడు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఇటు. ఏడెనిమిది సార్లు తిరిగేసరికి ఒళ్ళు చెమటతో తడిసింది. పదిహేనుకి వెన్ను వంగింది. ఇరవైకి ఎలా నడుస్తున్నానన్న ధ్యాస పోయింది. ఎప్పుడు దించుదామన్న ధ్యాస ఒక్కటే మిగిలింది. నాన్నకీ తిరునాళ్ళకి పోయే దారుల్లో అదొక్కటే మిగిలేదేమో.

వెనకాల పెన్సిలు గీస్తున్న చప్పుడు వినపడింది.

“ఆగకు” అంది అహనా మెల్లగా. “నితాయ్‌దా, ఆగకు.”

ఆగలేదు. ఆపమని కూడా ఆమె చాలాసేపు చెప్పలేదు. కసి తీర్చుకుంటోందనే అనిపించింది. తీర్చుకోనీ అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఆమె తీసింది. రెండొందల నలభై ఫ్రేములు. నితాయ్‌ని గదిలోకి రానివ్వలేదు. సోమవారం సార్ చూసి, ఓల్టేజీ సంగతి ఎవరినీ అడగకుండా, ఆ వరసలో పేరు తనే మార్చి రాశారు. ‘బొమ్మని నడిపినవారు: అహనా లాహిడి.’

*

రెండు వారాల తర్వాత కాలేజీ హాల్లో ప్రదర్శన. నితాయ్ అమ్మని ఘూర్ణి నుంచి తీసుకొచ్చాడు. కొత్త చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రైల్లో కూర్చున్నట్టు కూర్చుంది. వెనక వరసలో అహనా, సుతీర్థ.

నాన్న ముఖం తెర మీద కనపడగానే అమ్మ ఏమీ అనలేదు. ముక్కు బాగా కుదిరిందని కూడా అనలేదు. మట్టి పని అలవాటైన ఇల్లు, ముఖం చేయడం వాళ్ళకో వింత కాదు. ఆఖరి షాటు వచ్చింది. బుట్ట భుజాన ఎత్తుకుని ముసలాడు ఇసుకలో నడిచాడు. ఎడమ కాలు రెండు ఫ్రేములు ఆలస్యంగా వచ్చింది. రేవు మెట్టు దగ్గరకొచ్చాడు.

“ఏమయ్యా, కాలు ఎత్తి వెయ్యి, మెట్టుంది!” అంది అమ్మ, హాలంతటికీ వినపడేలా.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మకి వినపడలేదు. ముసలాడు కాలు ఎత్తి మెట్టు మీద వేసి, పడవెక్కేదాకా ఆమె సంచి పిడి వదల్లేదు.

దీపాలు వెలిగాక కొడుకు చెయ్యి పట్టుకుంది. “ఎవరురా నడిపించింది? నువ్వేనా?”

నెలరోజులు దేనికోసం కుళ్ళి చచ్చాడో అది ఇప్పుడు అమ్మ నోట్లోనే ఉంది. అవునంటే చాలు. తెర మీద ఇంగ్లీషులో వేసిన పేరు అమ్మ చదవలేదు.

“కాదు” అన్నాడు. వెనక్కి చూపించాడు. “ఈ అమ్మాయి.”

అమ్మ లేచి, అహనా గడ్డం పట్టుకుని, ఆ వేళ్ళు తన పెదాలకి ఆనించుకుంది. “ఆయన్ని నువ్వెప్పుడు చూశావే తల్లీ?”

“చూడలేదు మాసీమా” అంది అహనా, పిన్నిని పిలిచినట్టు. నితాయ్ వైపు చూడలేదు. ఇంకేం చెప్పలేదు. నడక ఎవరిదో చెప్పి ఉంటే బాగుండును అనుకున్నాడు. చెప్పనందుకు ఇంకా మండింది.

అలాంటి ముద్దు అమ్మ తనకెప్పుడు పెట్టిందో గుర్తు చేసుకోడానికి ప్రయత్నించాడు.

నలుగురూ హాలు బయటికొచ్చారు. ముందు నితాయ్, భుజాన అమ్మ సంచి. వెనక అహనా చెయ్యి పట్టుకుని అమ్మ. వాళ్ళ వెనక సుతీర్థ.

“కాలు ఎత్తి వెయ్యరా” అంది అమ్మ అలవాటుగా.

వెనక నుంచి ఇంకో జత కళ్ళు తన మడమల మీద ఉన్నాయని నితాయ్‌కి తెలుసు. ఎత్తి వేశాడు. కవాతు చేసే జవానులాగ, గేటు దాకా, ప్రతి అడుగూ ఎత్తెత్తి వేశాడు. ఒక్కటి కూడా అహనాకి దొరకనివ్వలేదు.